చెయ్యి తాకితే సుఖవ్యాధి వస్తుందా? భయపడే ముందు వరసగా చూసుకోవాల్సినవి

ఆ అబ్బాయి లోపలికి రాగానే గదంతా శానిటైజర్ వాసన. ఇరవై నాలుగేళ్లుంటాయి. అమీర్‌పేటలో హాస్టల్, కోచింగ్. "మగ కౌన్సెలర్ లేరా మేడమ్?" అని తలుపు దగ్గరే అడిగాడు. లేరన్నాను. కాసేపు అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. కుడిచెయ్యి బల్ల మీద పెట్టి చూపుడువేలి గోరు పక్కన లేచిన తోలు చూపించాడు. "ఇక్కడ పుండు ఉండె మేడమ్. ఇదే చెయ్యి తాకింది. ఏమన్నా అయితదా?"

పుండు లేదు. కడిగి కడిగి చెయ్యంతా తెల్లగా పగిలిపోయి ఉంది.

హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ పరీక్షల కౌన్సెలర్‌గా పనిచేసిన రోజుల్లో ఇలాంటి చేతులు చాలా చూశాను. (ఈ అబ్బాయిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.) "ఏం కాదు, ఇంటికెళ్లు" అని ఒక్క మాటలో పంపించేయొచ్చు. కానీ ఆ ధైర్యం ఆసుపత్రి మెట్లు దిగేలోపే జారిపోతుంది. అందుకే వాళ్లతో నేను వరసగా చేయించిన పనులే ఇక్కడ రాస్తున్నాను.

1. జరిగింది కాగితం మీద రాయండి

ఫోన్‌లో వద్దు. ఫోన్ పట్టుకుంటే వెతకడం మొదలుపెడతారు. పెన్ను, కాగితం తీసుకుని నాలుగు సంగతులు రాయండి. మీ చెయ్యి దేన్ని తాకింది? అక్కడ తడి ఉందా, ఉంటే ఏ తడి: చెమటా, ఉమ్మా, వీర్యమా, యోని ద్రవమా, రక్తమా, పుండు రసా? ఆ తర్వాత ఆ చెయ్యి మీ ఒంట్లో ఎక్కడికి వెళ్లింది? ఎంతసేపటికి వెళ్లింది?

"ఒకవేళ", "ఏమో" అన్న మాటలు పడితే ఆ వాక్యం కొట్టేయండి. అవి జరిగినవి కావు, రాత్రి రెండింటికి పుట్టినవి.

ఇప్పుడు కాగితం చూడండి. మెట్రోలో పట్టుకున్న రాడ్డు, సిటీ బస్సు సీటు, ఆఫీసులో షేక్‌హ్యాండ్, ఇరానీ హోటల్లో చాయ్ కప్పు, కిరాణా కొట్టువాడు ఇచ్చిన మరకల నోటు, లిఫ్ట్ బటన్. ఇవి ఉంటే వీటినీ కొట్టేయండి. వీటి వల్ల హెచ్ఐవీ రాదు, సిఫిలిస్ రాదు, గనేరియా రాదు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటే సుఖవ్యాధి వచ్చేదైతే తెలంగాణలో ఒక్కరం మిగిలేవాళ్లం కాదు.

ఆ అబ్బాయి కాగితం మీద చివరికి మూడు లైన్లు మిగిలాయి. ప్రేమించిన అమ్మాయితో ఒక సాయంత్రం. చేతులు దాటి ముందుకు పోలేదు. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నాడు. అంతే. దానికి నలభై రోజులుగా నిద్ర లేదు.

2. మిరపకాయ గుర్తు తెచ్చుకోండి

పచ్చిమిరపకాయలు కోసేటప్పుడు వేళ్లకు పెద్దగా ఏమీ అనిపించదు. అదే చేత్తో కన్ను నలుపుకుంటే ఇల్లంతా గంతులే. కారం అదే, వేలూ అదే. తేడా ఉన్నది తోలులో. అరచేతి మీద చనిపోయిన కణాలు పొరలుపొరలుగా పేరుకుని గట్టి గోడలా ఉంటాయి. ఆ గోడకు చిల్లు లేనంతవరకు హెచ్ఐవీకి దారి లేదు. కన్ను, నోటి లోపల, యోని, పురుషాంగం చివర మూత్రం వచ్చే రంధ్రం, మలద్వారం... వీటి లోపలి పొర పలచన, ఎప్పుడూ తడిగా ఉంటుంది. చాలా సుఖవ్యాధులు లోపలికి వెళ్లేది ఇలాంటి చోట్ల నుంచే.

అయితే కారానికీ వీటికీ ఒక తేడా ఉంది. కారం చేతికి గంటల తరబడి అంటుకునే ఉంటుంది. హెచ్ఐవీ అలా కాదు, ఒంటి బయటికొచ్చి ఆరిపోతే దానికి సోకే శక్తి త్వరగా పోతుంది. గనేరియా, సిఫిలిస్ బ్యాక్టీరియాలకూ ఒంటి తడి, వేడి కావాలి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ మాత్రం మొండిది. ఎండిన రక్తంలోనూ వారం రోజుల వరకు బతికి ఉండగలదు. కాబట్టి చెయ్యి కలిపినందుకు కాదు, మంగలి షాపులో బ్లేడు మార్చనందుకు భయపడండి. కొత్త బ్లేడు మీ కళ్ల ముందే విప్పమనండి, మొహమాటం వద్దు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించుకోకపోయి ఉంటే వేయించుకోండి. మొదటిది వేసుకున్నాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది.

"మరి గోరు పక్కన తోలు లేచింది కదా?" ఇది అందరూ అడిగే ప్రశ్న. తాజాగా తెగి రక్తం కారుతున్న గాయం వేరు, నిన్న కొరికిన గోరంచు వేరు. చిన్న గీత కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలుపెడుతుంది. ఒక లెక్క చెప్తాను. హెచ్ఐవీ ఉన్నవారి రక్తం అంటిన సూది ఆసుపత్రి సిబ్బందికి గుచ్చుకుంటే, మందు వాడకపోయినా సోకే అవకాశం వెయ్యిలో సుమారు 3. ఆ రక్తం కంట్లోనో నోట్లోనో చిందితే వెయ్యిలో 1 కంటే తక్కువ. అంటే సూది తోలు దాటి లోపలికి పోయినా వెయ్యిమందిలో 997 మందికి రావడం లేదు. మీ గోరంచు సంగతి ఇక మీరే ఆలోచించుకోండి.

ఇంకో మాట. హెచ్ఐవీ ఉన్నవారు మందులు సరిగ్గా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే, వారి నుంచి లైంగికంగా కూడా అది ఇతరులకు అంటదు. అలాంటిది వాళ్లతో చెయ్యి కలపడానికి వెనకాడే చదువుకున్నవాళ్లని ఈ ఊళ్లో చూశాను. నాకు కోపం వచ్చేది అక్కడే.

3. చెయ్యి నిజంగా ఏం మోయగలదో చూడండి

చెయ్యి పూర్తిగా నిర్దోషి అని నేను అనను. జననాంగాలను చేత్తో తాకినప్పుడు కొన్ని అంటుకోవచ్చు. కలయికతో పోలిస్తే ఆ అవకాశం బాగా తక్కువ, కానీ వీటిని తెలుసుకోవాలి.

గనేరియా. మన పెద్దవాళ్లు సెగ అనేది దీన్నే. ఇదీ, ఇలాంటిదే మరో సుఖవ్యాధి క్లమీడియా కూడా తడి ఆరకముందే వేలి నుంచి కంటికి చేరగలవు. కన్ను బాగా ఎర్రబడి, తుడిచేకొద్దీ చీము కారుతుంటే ఏ చుక్కల మందో వేసుకుని కూర్చోకండి. గనేరియా కంటి నల్లగుడ్డును చాలా త్వరగా పాడుచేస్తుంది. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మెహదీపట్నంలో సరోజినీదేవి ఆసుపత్రి ఉంది.

హెర్పిస్. పెదవి మీదనో జననాంగం మీదనో నీటి పొక్కులున్నప్పుడు వాటిని ముట్టుకుంటే, వేలిమీద చిన్న కోత ఉంటే అక్కడికి పాకుతుంది. రెండు నుంచి పన్నెండు రోజుల్లో వేలు చివర గుత్తిగా పొక్కులు లేస్తాయి, సలుపు మామూలుగా ఉండదు. చేతి తొడుగులు అలవాటు కాకముందు పళ్ల డాక్టర్లకు ఇది వస్తుండేది. పొక్కుల్ని సూదితో పొడవకండి, కోయించకండి. గోరుచుట్టు అనుకుని కోస్తే పుండు ఇంకా పెద్దదవుతుంది.

పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ వేళ్ల మీద కనిపించిన మాట నిజం. కెనడాలోని మాంట్రియల్‌లో జంటలను నెలల తరబడి గమనించిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. చేతి నుంచి జననాంగానికి పాకడం జరిగినా అరుదేనని, వ్యాప్తి ఎక్కువగా నేరుగా కలవడం వల్లేనని అది తేల్చింది.

సిఫిలిస్, అదే సవాయి. దీని మొదటి పుండు నొప్పి పెట్టదు, అందుకే చాలామంది పట్టించుకోరు. ఆ పుండు రసి మీ చేతి గాయానికి తగిలితే అంటుకోవచ్చు. అరుదు, అసాధ్యం మాత్రం కాదు. చేతికి సంబంధించి ఇంకో సంగతి కూడా ఉంది. పుండు మానిన కొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని రాగిరంగు మచ్చలు రావచ్చు. అరచేతిలో దద్దుర్లు తెచ్చే జబ్బులు తక్కువే. అలాంటివి కనిపిస్తే ఎలర్జీ అనుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి.

4. వేళ్ల సందుల్లో చూడండి

హెచ్ఐవీ అని వణికిపోతూ వచ్చినవాళ్లలో కొందరికి చేతిలో నిజంగానే ఒక జబ్బు ఉండేది. దాని పేరు గజ్జి.

ఆ అబ్బాయి మాట్లాడుతూ మాట్లాడుతూ వేళ్ల సందులు గోక్కుంటున్నాడు. "రాత్రి ఎక్కువైతదా?" అన్నాను. "అవును మేడమ్, అది కూడా లక్షణమే అంట గదా?" అన్నాడు, ముఖం పాలిపోయింది. రూమ్మేట్లకు ఉందా అని అడిగితే ఉందన్నాడు. ముగ్గురూ ఒకే మంచం మీద కూర్చుని సినిమాలు చూస్తారు, ఒకరి దుప్పటి ఒకరు కప్పుకుంటారు. నేరుగా చర్మవ్యాధుల ఓపీకి పంపించాను.

గజ్జి తెచ్చేది ఒక సన్నటి పురుగు. తోలు కింద సొరంగం తవ్వుకుంటుంది. ఒక్క షేక్‌హ్యాండ్‌తో సాధారణంగా అంటదు. చాలాసేపు చర్మానికి చర్మం తగలాలి. అందుకే జంటల్లో, హాస్టళ్లలో, పిల్లలున్న ఇళ్లలో ఎక్కువ. మొదటిసారి అంటినప్పుడు దురద రెండు నుంచి ఆరు వారాలకు గానీ మొదలవదు. పురుషాంగం మీద కూడా గట్టి గడ్డల్లా లేస్తాయి. వాటిని చూసే మగపిల్లలు హడలిపోయేది.

డాక్టరు పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ రాస్తే వాడే పద్ధతి జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే సగం మంది తప్పేది ఇక్కడే. దురద ఉన్నచోట మాత్రమే కాదు, మెడ కింది నుంచి అరికాలి దాకా రాయాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, చంకలు, జననాంగాలు, పిరుదుల మధ్య, ఏదీ వదలొద్దు. రాత్రి రాసుకుని ఎనిమిది నుంచి పద్నాలుగు గంటల తర్వాత స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి రాయాలి. గదిలో ఉన్నవాళ్లందరూ, దురద లేనివాళ్లు కూడా, ఒకే రాత్రి రాసుకోవాలి. దుప్పట్లు, లోదుస్తులు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయండి. ఉతకలేని వాటిని కవర్లో బిగించి వారం రోజులు పక్కన పడేయండి. పురుగు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు. మందు పనిచేయలేదనుకుని రోజూ రాసుకుంటే చర్మం మండిపోతుంది.

గజ్జి లేకపోతే తామర. ఎండాకాలం జీన్స్ వేసుకుని ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చేవాళ్లకు గజ్జల్లో తామర రాకపోతే ఆశ్చర్యం. మెడికల్ షాపులో "దురదకు ఏదైనా ఇవ్వు" అంటే ఇచ్చే ట్యూబులో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది. తర్వాత తామర పళ్లెం అంత అవుతుంది.

5. చేతిని మించి జరిగిందా? అయితే గడియారం చూడండి

కండోమ్ లేకుండా కలిశారు, లేదా కండోమ్ చిరిగింది, లేదా సూది పంచుకున్నారు. కాగితం మీద ఇలాంటిది ఉంటే పైన చెప్పిన నిదానం ఇక్కడ పనికిరాదు. హెచ్ఐవీ సోకకుండా ఆపే మందు ఉంది. 72 గంటలలోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. మొత్తం 28 రోజులు వాడాలి. అర్ధరాత్రయినా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పండి. రేపు చూద్దాం అనుకోవద్దు.

72 గంటలు దాటితే పరీక్షలకు తేదీలు వేసుకోండి. ల్యాబ్‌లో చేసే నాలుగో తరం హెచ్ఐవీ పరీక్ష 45 రోజులకు తేల్చేస్తుంది. వేలి చుక్కతో చేసే ర్యాపిడ్ పరీక్షకు మూడు నెలలు ఆగాలి. సిఫిలిస్‌కు కూడా మూడు నెలలు. మూత్రంలో మంట, చీము మాత్రం తేదీల కోసం ఆగవు. గనేరియా అయితే చాలావరకు వారంలోపే బయటపడుతుంది.

చేతితోనే ఆగిపోయినవాళ్లకు ఈ తేదీలతో పనిలేదు. పైన చెప్పిన లక్షణాలేవీ లేకపోతే పరీక్ష అక్కర్లేదు. తృప్తి కోసం చేయించుకుంటానంటారా, ఒక్కసారి చేయించుకోండి, ఐదుసార్లు కాదు.

6. ఎక్కడికి వెళ్లాలి, అక్కడ ఏం జరుగుతుంది

ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఐసీటీసీ అనే గది ఉంటుంది, హెచ్ఐవీ సలహా, పరీక్షలు అక్కడే. గాంధీకైతే మెట్రో స్టేషన్ ఆ పేరుతోనే ఉంది. పొద్దున ఓపీ టైములో వెళ్లండి. "ఐసీటీసీ ఎక్కడ?" అని అడిగితే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. అడిగినా చెప్పక్కర్లేదు.

ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. మీరు ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. డబ్బు తీసుకోరు. మొదటి కిట్‌లో తేడా కనిపిస్తే వేరే రకం కిట్లతో మళ్లీ చూసి గానీ పాజిటివ్ అని చెప్పరు.

పుండు, స్రావం, పులిపిర్లు ఉంటే చర్మ, సుఖవ్యాధుల ఓపీకి వెళ్లాలి. అక్కడి సుఖవ్యాధుల క్లినిక్‌కు సురక్ష క్లినిక్ అని పేరు. మందులు ఉచితం, రంగురంగుల కిట్లుగా ఇస్తారు. చీము, మూత్రంలో మంటకు ఇచ్చేది బూడిదరంగు కిట్. భార్యాభర్తలిద్దరికీ మందు ఇస్తారు, ఇద్దరూ వాడాలి. భర్త గుట్టుగా వాడుకుని భార్యకు చెప్పకపోతే జబ్బు మళ్లీ తిరిగి అతనికే వస్తుంది. ఆమెకేమో చాలాసార్లు ఏ లక్షణమూ కనిపించదు, లోపల గర్భసంచి గొట్టాలు పాడవ్వొచ్చు.

వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు.

బస్టాపుల్లో, మరుగుదొడ్ల గోడల మీద "గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం" అని ఫోన్ నంబర్లు అంటించి ఉంటాయి కదా. వాటి జోలికి వెళ్లకండి. లేని జబ్బుకు కోర్సు అమ్మడమే వాళ్ల వ్యాపారం.

7. చేతుల్ని మళ్లీ చేతుల్లా చూసుకోండి

సబ్బు, నీళ్లు, ఇరవై సెకన్లు. ఇంతకంటే ఏమీ వద్దు. డెట్టాల్ నేరుగా పోసుకోవడం, బ్లీచింగ్, పీచుతో రుద్దడం, ఇవన్నీ ఆ గట్టి గోడకు మీరే బీటలు తెప్పించడం. ఇప్పటికే పగిలి ఉంటే రాత్రి కొబ్బరినూనె గానీ వాసెలిన్ గానీ రాసుకుని పడుకోండి.

అన్నట్టు, ఆ కొబ్బరినూనెను కండోమ్‌తో కలపకండి. నూనె తగిలితే లేటెక్స్ మెత్తబడి చిరిగిపోతుంది. చేతి తొడుగులకూ అదే వర్తిస్తుంది.

భాగస్వామిని చేత్తో తాకే ముందు గోళ్లు తీసుకోండి, ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి. వేలికి తాజా కోత ఉంటే నీళ్లు దిగని పట్టీ వేసుకోండి. ఎదుటివారి తడి అంటిన చేత్తో కన్ను నలుపుకోవడం, మీ జననాంగాన్ని తాకడం చేయకండి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్లు మరీ జాగ్రత్త.

8. అయినా భయం పోకపోతే

రిపోర్టు నెగెటివ్ వచ్చింది, డాక్టరు ఏం లేదన్నాడు, అయినా "ల్యాబ్ వాళ్లు శాంపిల్ మార్చేశారేమో" అనిపిస్తోందా? రోజుకు ఇరవైసార్లు నాలుక అద్దంలో చూసుకుంటున్నారా, మెడ దగ్గర గడ్డలు వెతుక్కుంటున్నారా? అయితే మీ జబ్బు రక్తంలో లేదు. ఆందోళనకు కూడా నోరెండిపోతుంది, చెమట పడుతుంది, మాటిమాటికీ మూత్రం వస్తుంది, నిద్ర పట్టదు. ఇవన్నీ ఫోన్‌లో హెచ్ఐవీ లక్షణాలుగా కనిపిస్తాయి. మళ్లీ పరీక్ష చేయించుకుంటే రెండు రోజులు ఊరట. మూడో రోజు అదే అనుమానం.

ఈ దశలో "పిచ్చి ఆలోచనలు మానేయ్" అని చెప్పేవాళ్ల వల్ల ఉపయోగం లేదు. మానగలిగితే ఎప్పుడో మానేసేవారు. 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రయినా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ని నేరుగా కలవాలంటే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది. ఎర్రగడ్డ అనగానే మన ఊళ్లో నవ్వుతారు, తెలుసు. అక్కడ ఓపీలో కూర్చునేవాళ్లలో నిద్ర పట్టనివాళ్లు, పరీక్షలకు భయపడేవాళ్లు, మీలాంటివాళ్లూ ఉంటారు. చేతులు కడగడం ఆపుకోలేకపోవడానికి మంచి మందులున్నాయి, మాట్లాడి తగ్గించే పద్ధతులూ ఉన్నాయి.

అక్కడికి వెళ్లేలోపు ఒక పని చేయండి. ఉన్న రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టి, స్టేపుల్ కొట్టి, పైన తేదీ వేసి ఇంట్లో నమ్మకమైనవాళ్ల చేతికివ్వండి. మూడు నెలల దాకా విప్పొద్దని చెప్పండి.

ఆ అబ్బాయి తన కవరు నాకే ఇచ్చి వెళ్లాడు. అందులో నాలుగు ప్రైవేటు ల్యాబుల కాగితాలు, అన్నీ నెగెటివ్, హాస్టల్ మెస్ బిల్లు కంటే ఎక్కువ ఖర్చు. రెండు వారాలకు మళ్లీ వచ్చాడు. కవరు కోసమేమో అనుకుని సొరుగు లాగాను. వెనక ఇద్దరు రూమ్మేట్లు నిలబడి వేళ్ల సందులు గోక్కుంటున్నారు.

"చర్మం డాక్టర్ ఓపీ చీటీ ఎక్కడ రాయించాలె మేడమ్, వీళ్లకు?"